నూట పదమూడేండ్ల అనుబంధం

(హైదరాబాద్‌లో జర్నలిజం విద్యార్థులు, ఉద్యోగ మిత్రులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన విద్యార్థి మిత్రులు ముందే ఒక షరతు పెట్టిండ్రు. పత్రికల గురించి చెప్పాలె, కాని మొదటి పేజీ గురించి, సంపాదకీయాల గురించి వద్దు, అవి మేం క్లాసులో చదువుకుంటనే ఉన్నం అన్నరు. ఆదివారం పొద్దున పేపరు విప్పంగనే నడుమ నుంచి జారి కింద పడే పుస్తకం ఉంటది గదా, దాని చరిత్ర చెప్పాలె అన్నరు. మంచి మాట అన్నరు. ఎందుకంటే ఆ పుస్తకాన్ని మనం పెద్దగా లెక్కల పెట్టం. అందుల కథ ఉంటది, వంట ఉంటది, వారఫలాలు ఉంటయి, పిల్లలకు చుక్కలు కలిపే బొమ్మ ఉంటది. రాజకీయం ఉండదనుకుంటం.

అసలు రాజకీయమంతా అందులనే ఉన్నదని నేనంట. దినపత్రిక సాయంత్రానికి పాతబడ్తది. ఆదివారం పుస్తకం వారం రోజులు ఇంట్ల తిరుగుతది. అవ్వ చేతికి పోతది, పిల్లల చేతికి పోతది, ఆ తర్వాత కటింగ్ షాపుల బల్ల మీద ఆరునెలలు పడి ఉంటది. ఏ పండుగ గొప్పది, ఏ వంట రుచిది, ఎవరు మాట్లాడితే భాష, ఎవరు మాట్లాడితే యాస, ఎవరి ముఖం ముఖచిత్రానికి పనికొస్తది అనేది అక్కడ తేలుతది. వార్తతో కొట్లాడొచ్చు, ఖండన ఇవ్వొచ్చు. వంట పేజీకి ఖండన ఎవరిస్తరు?

అందుకని ఇవాళ ఒక్క పత్రిక కథ చెప్త. అది తెలుగు పత్రిక కాదు, బొంబాయి ఇంగ్లీషు పత్రిక. ఇక్కడ కూసున్న ఉద్యోగ మిత్రుల్లో యాభై దాటినోళ్లకు దాని పేరు చెప్తే చాలు. పోటీ పరీక్షలకు చదివేటప్పుడు లైబ్రరీల కాచుకొని కూసున్నోళ్లు ఉంటరు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నాడు పాత ప్రతులు కొన్నోళ్లు ఉంటరు. ది ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా. ఒక దినపత్రికకు తోకగ పుట్టి, ఆ దినపత్రికంత పేరు తెచ్చుకొని, అదే దినపత్రిక కంపెనీ చేతిల ఆగిపోయిన పత్రిక అది. మన ఆదివారం పుస్తకాలకు వరుసకు తాత.

బొంబాయిలో 1838లో బాంబే టైమ్స్ అని ఒక పత్రిక మొదలైంది. దొరల వ్యాపారాలకు, ఓడల రాకపోకలకు సంబంధించిన పత్రిక. 1861లో దాని పేరు టైమ్స్ ఆఫ్ ఇండియా అయ్యింది. 1880లో ఆ పత్రిక వాళ్లే ఒక వారపు ప్రతి తీసుడు మొదలుపెట్టిండ్రు. పేరు కూడ అదే, టైమ్స్ ఆఫ్ ఇండియా వీక్లీ ఎడిషన్. రోజువారీ పత్రిక సమయానికి అందని చోట్ల, అంటే దూరపు జిల్లాల్లో కలెక్టర్లు, కంటోన్మెంట్లలో పటాలం అధికారులు, తోటల దొరలు, సముద్రం అవతల సీమల ఉన్నోళ్లు, వీళ్లకు వారం వార్తలన్నీ ఒక్కచోట కుట్టి పంపే పద్ధతి ఆ కాలంల ఉండె. అట్ల పుట్టిన పిల్ల ఇది. సొంత ఆలోచన లేదు, సొంత ముఖం లేదు. తల్లి వండిందే మళ్ల వేడి చేసి పెట్టుడు.

1923లో పేరు మార్చి ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా చేసిండ్రు. ఇలస్ట్రేటెడ్ అంటే సచిత్ర. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఆంధ్రపత్రిక వాళ్ల వారపత్రిక పేరు మీద కూడ 'సచిత్ర' అనే మాట ఉండేది. ఆ కాలానికి బొమ్మ ఉండుడే పెద్ద సంగతి. పత్రికల ఫొటో అచ్చేసే యంత్రాలు బాగుపడ్డయి, కాగితం మీద మనిషి ముఖం ముఖం లెక్క కనపడుడు మొదలైంది. జనానికి అక్షరం రాకున్నా బొమ్మ అర్థమైతది. వీక్లీ పెద్ద సైజుల, ఫోటోగ్రావ్యూర్ అచ్చుల వచ్చేది. కొత్తగా పెండ్లయిన జంటల ఫొటోలు పేజీల కొద్ది వేసేది. పిల్లలకు ఆంటీ వెండీ పేరుతో ఒక పేజీ నడిచేది. ఇగ గళ్లనుడికట్టు బహుమతి పోటీలైతే ఆ కాలపు లాటరీనే. ఈ పోటీల పిచ్చి దేశమంత ఎట్ల ముదిరిందంటే, బహుమతుల మీద హద్దు పెడుతూ 1955లో పార్లమెంటు ప్రత్యేకంగ చట్టమే చెయ్యాల్సి వచ్చింది. వారపత్రికల చరిత్ర రాసేటోళ్లు కవిత్వం గురించి, వ్యాసాల గురించి రాస్తరు గని ఈ గళ్ల గురించి రాయరు. సర్క్యులేషన్ మటుకు ఎక్కువగ ఆ గళ్లతోనే నడిచేది.

ఇక్కడ ఒక ప్రశ్న. బొమ్మల కాలం వచ్చింది, సరే. ఎవరి బొమ్మలు? 1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ముఖచిత్రం మీద మన ఏడో నిజాం బొమ్మ వచ్చింది, లోకంల అందరి కంటే ధనవంతుడని. ఆ కాలపు సచిత్ర పత్రికలన్నిటికి రాజులంటే మోజు. దర్బార్లు, ఏనుగులు, పులుల వేట. హైదరాబాద్ రాజ్యం అంటే లోకానికి ఒక ముసలి నవాబు, ఆయన వజ్రాలు. అదే రాజ్యంల వెట్టి చేసే మనిషి ముఖం ఎవరికి కావాలె?

ఆ ముఖం తర్వాత దొరికింది, కాని పెద్ద కంపెనీల పత్రికల నుంచి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం అంటే మనందరి కండ్ల ముందు నిలబడే ఫొటో, తుపాకులు పట్టుకొని వరుసగ నిలబడ్డ ఆడబిడ్డలది, తీసింది సునీల్ జానా. ఆయన కమ్యూనిస్టు పార్టీ వారపత్రికకు పనిచేసిన ఫొటోగ్రాఫర్. చందాలతో నడిచే ఉద్యమ పత్రిక ఆయనను ఊర్ల మీదికి పంపింది. ఇవాళ ప్రతి పాఠ్యపుస్తకంల, ప్రతి గోడ మీద ఆ ఫొటో పెట్టుకుంటున్నం. ఆ ఒక్క సంగతి చాలు, ఉద్యమాలకు సొంత పత్రిక ఎందుకో చెప్పెటందుకు. సరే, దానికి మళ్ల వస్త.

స్వాతంత్ర్యానికి ఒక ఏడాది ముందు, 1946లో, దొరలు కంపెనీని రామకృష్ణ దాల్మియాకు అమ్మేసిండ్రు. ఆ తర్వాత అది సాహు జైన్ కుటుంబానికి వచ్చింది. కంపెనీ మనదైంది గని వీక్లీ ఎడిటరు కుర్చీల ఇంకా కొన్నేండ్లు దొరనే ఉండె. ఆయన పేరు మాండీ, ఐర్లాండ్ మనిషి. ఆయనను తక్కువ చేసి మాట్లాడలేం. ఇంగ్లీషుల రాసే మన దేశపు కవులకు, కథకులకు చోటిచ్చిండు. రస్కిన్ బాండ్ మొదటి నవల 1956లో ఆ పత్రికల సీరియల్‌గ వచ్చింది. ఊరూ పేరూ లేని పిల్లగానికి అంత పెద్ద పత్రికల అన్ని వారాల చోటు.

మాండీ తర్వాత వచ్చిన మొదటి భారతీయ ఎడిటరు మన తెలుగాయన. ఎ.ఎస్. రామన్, అంటే అవధానం సీతారామన్. ఈ సంగతి మన జర్నలిజం క్లాసుల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఆయనకు చిత్రకళ అంటే ప్రాణం. చిత్రకారుల గురించి, శిల్పం గురించి ఆయన కాలంల బాగ వచ్చింది. చదువుకున్నోళ్ల ఇండ్లల్ల వీక్లీ పేజీలు కత్తిరించి గోడకు పటం కట్టుకునేటోళ్లు. కాని అది ఇంకా డ్రాయింగ్ రూం పత్రికనే. అందంగ ఉంటది, ఎవరినీ నొప్పియ్యదు.

అసలు మలుపు 1969. ఆ ఏడు మనకు వేరే కారణంతోని యాది ఉంటది. పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర రాజుకున్న నిప్పు రాష్ట్రమంత అంటుకుంది, ఉద్యమ లెక్క ప్రకారం 369 మంది పిల్లలు నేలకొరిగిండ్రు. అదే ఏడు బొంబాయిల రెండు సంగతులు జరిగినయి. ఒకటి, ఖుష్వంత్ సింగ్ వీక్లీ ఎడిటరుగ వచ్చిండు. రెండోది, కంపెనీ వ్యవహారాల మీద నడుస్తున్న కేసుల ఆగస్టు నెలల బొంబాయి హైకోర్టు పాత బోర్డును పక్కకు పెట్టి, ప్రభుత్వం మాట చెల్లే కొత్త బోర్డును ఏర్పాటు చెయ్యమన్నది. అంటే ఓనరు ఇంట్ల లేడు. ఎడిటరు దగ్గర తాళాలున్నయి.

ఏం చేసిండు ఖుష్వంత్ సింగ్? పెండ్లి ఫొటోల పేజీలు తీసేసిండు. మర్యాదగ రాసే పద్ధతి తీసేసిండు. ఎడిటర్స్ పేజ్ అని తన సొంత పేజీ పెట్టుకున్నడు, దానికి మారియో మిరాండా బొమ్మ గీసిండు. కరెంటు బల్బుల కూసున్న సర్దార్జీ, పక్కన పుస్తకాలు, విస్కీ సీసా. ఆ బొమ్మ ఆయన చనిపోయిన 2014 దాక ఆయనతోటే ఉన్నది. తిట్టే ఉత్తరాలు కూడ అచ్చేసిండు. ఇగ అన్నిటికంటే పెద్ద పని, ఈ దేశంల ఉన్న కులాలు, తెగలు, మతాలు, ప్రాంతాల వాళ్ల మీద వరుసగ ముఖచిత్ర వ్యాసాలు వేయించుడు. వాళ్లెవరు, ఎక్కడి నుంచి వచ్చిండ్రు, ఏం తింటరు, ఎట్ల పెండ్లి చేసుకుంటరు, వాళ్లల్ల పేరున్నోళ్లెవరు. పండితులు ముక్కు విరిచిండ్రు. కాని ఏ వారం ఎవరి మీద వస్తే ఆ వారం ఆ జనం ఎగబడి కొన్నరు. తమ ముఖం తాము చూసుకోవాలనే ఆకలి జనానికి ఎంత ఉంటదో ఆయన కనిపెట్టిండు. ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం 65 వేల ప్రతులు 4 లక్షలు అయినయి. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషే, కొంత తగ్గించుకోండి. అయినా ఆ కాలంల రైలు బోగీల, బ్యాంకుల, కాలేజీ హాస్టల్ల ఎక్కడ చూసినా వీక్లీ ఉండేదంటే అబద్ధం కాదు.

ఆయన వీపున ఒక మరక కూడ ఉన్నది, అది దాచిపెట్టి పొగడొద్దు. 1975లో ఎమర్జెన్సీ పెడితే ఆయన సమర్థించిండు. సంజయ్ గాంధీని ఎత్తుకున్నడు. దేశంల జర్నలిస్టులు జైళ్లల్ల ఉంటే అంత మంది చదివే వారపత్రిక అధికారం దిక్కు నిలబడ్డది. మూడేండ్ల కింద పత్రిక చదివి నవ్వుకున్న విద్యార్థే అదే పత్రికను చూసి సిగ్గుపడ్డడు. ఓనరు లేని ఇంట్ల స్వేచ్ఛ ఉంటదనుకున్నం గదా. ఓనరు స్థానంల సర్కారు కూసుంటే ఏమైతదో కూడ ఈ కథే చెప్తది.

ఎమర్జెన్సీ కాలంలనే కంపెనీ మళ్ల జైన్ కుటుంబం చేతికి వచ్చింది. 1978 జులై 25న ఖుష్వంత్ సింగ్‌ను వెంటనే దిగిపొమ్మన్నరు. ఆయన పదవీ విరమణకు ఇంకా వారమే ఉన్నది. వారం! వీడ్కోలు వ్యాసం రాసుకొని పెట్టుకున్నడు, అది కూడ వేయలే. అదే రోజు కొత్త ఎడిటరుగ ఎం.వి. కామత్ వచ్చిండు. ఈ ముచ్చట దేశంల అందరూ చెప్పుకుంటరు, ఖుష్వంత్ సింగ్‌కు అవమానం జరిగిందని. నాకు అవమానం సంగతి పెద్దగ పట్టలే. నాలుగు లక్షల మంది పాఠకులున్న పత్రికల వారం రోజులు ఆగమని అడిగే హక్కు ఆ నాలుగు లక్షల మందిల ఒక్కరికి కూడ లేకపోయింది, నాకు పట్టింది అది. చదివేది మనం, కొనేది మనం, తాళాలు మటుకు వేరేటోళ్ల దగ్గర.

1980ల ప్రీతీశ్ నంది వచ్చిండు. పత్రికకు మళ్ల ఊపు తెచ్చిండు. నాయకుల మీద, స్కాముల మీద ముఖచిత్రాలు, కేకలు పెట్టే శీర్షికలు. కాని అప్పటికే గాలి మారింది. 1975 చివర ఇండియా టుడే వచ్చింది, 1976లో కలకత్తా నుంచి సండే వచ్చింది. 1982 ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చింది. బొమ్మ చూసెటందుకు వారం ఆగే అవసరం తీరిపోయింది. ఇంకోదిక్కు దినపత్రికలే రంగుల ఆదివారం పేజీలు వేసుకుంటున్నయి. సబ్బులోడు, చీరలోడు, స్కూటరోడు తన ప్రకటన వేరే వారపత్రికకు ఎందుకియ్యాలె, దినపత్రిక ఆదివారం పేజీకే ఇస్తే లక్షల ఇండ్లకు పోతది. ఇది చూడండి, ఎంత విచిత్రమో. దినపత్రిక వారపు ప్రతిగ పుట్టింది వీక్లీ. పెరిగి సొంతంగ నిలబడ్డది. చివరికి దినపత్రికల కొత్త వారపు ప్రతులే దాని అన్నం తిన్నయి.

1993 నవంబర్ 13న ఆగిపోయింది. 1880 నుంచి లెక్కేస్తే నూట పదమూడేండ్లు. అదే కంపెనీ హిందీ పత్రికలు కూడ, ధర్మవీర్ భారతి నడిపిన ధర్మయుగ్, అజ్ఞేయ మొదలుపెట్టిన దినమాన్, కథల పత్రిక సారిక, ఒక్కొక్కటే ఆ కాలంలనే మూతబడ్డయి. హిందీ సాహిత్యం ముప్పై ఏండ్లు వాటి మీద బతికింది. నష్టం వచ్చిందన్నరు. వచ్చే ఉంటది. కాని అదే కంపెనీల దినపత్రికకు లాభాలే. ఒక ఇంట్ల ఒక బిడ్డకు జ్వరమొస్తే మందు పోసుడా, బయట పెట్టుడా అనేది ఇంటి పెద్ద ఇష్టం. అనుబంధం అనే మాటకు వ్యాపారంల అర్థం గదే.

ఇగ మన దిక్కు వద్దాం.

తెలుగుల కూడ వారపత్రికలు దినపత్రికల ఇండ్లల్లనే పెరిగినయి. ఆంధ్రపత్రికది ఉల్టా కథ, వారపత్రిక ముందు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలనే వారపత్రిక మొదలుపెట్టి, 1914లో మద్రాసుల దినపత్రిక తెచ్చిండు. ఆంధ్రప్రభకు వీక్లీ ఉండె, ఆంధ్రజ్యోతికి వీక్లీ ఉండె. తర్వాత ఆదివారం పేజీలొచ్చినయి, పేజీలు పోయి పుస్తకాలొచ్చినయి. మా తరం కథకులందరం ఆ పుస్తకాల కోసం రాసినోళ్లమే.

ఆ పుస్తకం పని ఎట్ల నడుస్తదో ఉద్యోగ మిత్రులకు తెల్వకపోవచ్చు, చెప్త. దినపత్రిక రాత్రికి రాత్రి అచ్చయితది. ఆదివారం పుస్తకం అట్ల కాదు, రోజుల ముందే అచ్చయి కట్టలు కట్టి ఉంటది. ఆదిలాబాద్‌కు, అనంతపురానికి, శ్రీకాకుళానికి ఒక్కటే పుస్తకం. అంటే ఒక్క గదిల నలుగురైదుగురు కూసొని, కోటి మంది ఇంటికి పోయే వంట, పండుగ, భాష తేలుస్తరు. ఆ గదిల ఎవరున్నరు అనేదే అసలు ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంల సంక్రాంతికి ముగ్గులతో, గొబ్బెమ్మలతో ప్రత్యేక పుటలు వచ్చేవి. బతుకమ్మకు ఒక ఫొటో, కింద రెండు లైన్లు. అది కూడ 'తెలంగాణ ప్రాంతపు జానపద వేడుక' అని. సంక్రాంతి పండుగ, బతుకమ్మ వేడుక!

నా సంగతి ఒకటి చెప్త, నాదొక్కడిది కాదు, ఈ గదిల కథ రాసినోళ్లందరిదీ. ఒక పెద్ద పత్రిక ఆదివారం పుస్తకానికి కథ పంపిన. అచ్చయ్యింది. చూసుకుంటే అందుల దవాఖాన ఆసుపత్రి అయ్యింది, తొక్కు పచ్చడి అయ్యింది, సడక్ రోడ్డు అయ్యింది. ఇంగ్లీషు రోడ్డు తెలుగట, మన సడక్ కాదట. ఒక్క పాత్ర మాటలు మటుకు ముట్టుకోలే, వాడు తాగుబోతు వాచ్‌మన్. డెస్క్ మిత్రున్ని అడిగితే 'అన్ని జిల్లాలవాళ్లకూ అర్థం కావాలి కదండీ' అన్నడు. చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడు, నిజంగనే అట్ల నమ్మిండు. అందుకే దానితోని కొట్లాడుడు కష్టమైంది.

ఇంకో అనుబంధం ఉన్నది, ఆదివారానిది కాదు, రోజుది. 1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టింది. వాడుకల మినీ అన్నం. మిగిలిన పత్రికలు కూడ అదే బాట పట్టినయి. దానితోని మంచి జరిగింది, కాదనలేం. ఊరికో కంట్రిబ్యూటర్ పుట్టిండు, బోరు పాడైన సంగతి కూడ అచ్చుల వచ్చింది, ఊరి సర్పంచి పేరు పేపర్ల కనబడ్డది. 1990ల మొదట్ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ల సారా వ్యతిరేక పోరాటం ఊరూరా అంటుకునెటందుకు పత్రికలు చాన పనిచేసినయి. కాని అదే మినీ మనకు గోడ కూడ అయ్యింది. ఉద్యమ కాలంల మహబూబ్‌నగర్‌ల వలస కూలీలు ధర్నా చేస్తే మహబూబ్‌నగర్ మినీలనే. సిరిసిల్లల నేతన్న చనిపోతే కరీంనగర్ మినీలనే. పక్క జిల్లావోనికి తెల్వదు. పది జిల్లాల్ల పది ధర్నాలు ఒకే రోజు జరిగితే, పది వేర్వేరు చిన్న వార్తలయితయి. ఒక్క పెద్ద వార్త కాదు. రాష్ట్రం మొత్తం చదివే మెయిన్ పేజీలకు ఎక్కాలంటే బస్సు కాలాలె, లేకుంటె పిల్లగాడు కాలాలె. ఈ మాట అననీకి నాకు నోరు రాదు, కాని అట్లనే జరిగింది.

ఇప్పుడు ముందు చెప్పి విడిచిపెట్టిన దారానికి వస్త. సొంత పత్రిక. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టిండ్రు. వారానికి రెండు సార్లు వచ్చేది. పెద్ద కంపెనీ లేదు, ఫోటోగ్రావ్యూర్ లేదు, చందాలు వసూలు చేసుడే పెద్ద పని. తెలంగాణల కవులు లేరని ఒకాయన అంటే ఆయన వాదం పెట్టుకోలే. ఒక ప్రత్యేక సంచిక తీసిండ్రు. 1934లో గోలకొండ కవుల సంచిక. 354 మంది కవులు, వాళ్ల పద్యాలు, వివరాలు. ఊర్లకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నరు. ఇవాళ్టి భాషల చెప్తే అది ఒక పత్రిక స్పెషల్ సప్లిమెంట్. ఖుష్వంత్ సింగ్ నాలుగు లక్షల ప్రతులతో చేసిన పనిని, జనానికి తమ ముఖం తమకు చూపే పనిని, ఆయన కంటే ముప్పై అయిదేండ్ల ముందు మన పెద్దమనిషి చందా డబ్బులతో చేసిండు. వీక్లీ పాత సంచికలను ఇవాళ ముచ్చటకు తిరగేస్తరు. గోలకొండ కవుల సంచిక లేకుంటె తెలంగాణ సాహిత్య చరిత్ర మీద పరిశోధనే మొదలుకాదు.

ఆ తర్వాత చాన కాలానికి, 2011 జూన్ 6న నమస్తే తెలంగాణ వచ్చింది, అల్లం నారాయణ సంపాదకత్వంల. దాని ఆదివారం పుస్తకానికి బతుకమ్మ అని పేరు పెట్టుకున్నరు. 'ఆదివారం' అని పెట్టలే, ఇంగ్లీషు పేరు పెట్టలే. ఒకప్పుడు రెండు లైన్ల ఫొటో అయిన పండుగ ఇప్పుడు పుస్తకం పేరే అయ్యింది. అందుల మన చెరువులు, మన ఊర్ల కోటలు, మన వంటలు, సర్వపిండి, మలీద, ముఖచిత్రానికెక్కినయి. దవాఖాన దవాఖాన లెక్కనే అచ్చయ్యింది. ఆ పత్రిక రాజకీయం మీద మనకు ఎన్ని తకరారులన్నా ఉండొచ్చు, నాకూ ఉన్నయి. ఒక పార్టీకి దగ్గరైన పత్రికకు ఉండే ఇబ్బందులన్నీ దానికి ఉన్నయి. 1975ల వీక్లీకి పట్టిన జబ్బు ఎవరికన్నా పట్టొచ్చు, రాష్ట్రం వచ్చినంత మాత్రాన మనకు టీకా వేయలేదు. కాని ఆ ఆదివారం పుస్తకం చేసిన పని చిన్నది కాదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2020ల కరోనా వచ్చింది. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్ల పత్రికలు పుటలు తగ్గించుకున్నయి, చాన పత్రికల అనుబంధాలు ఆగిపోయినయి లేకుంటె మెయిన్ పేపర్ల కలిసిపోయినయి. ఎందరో సబ్ ఎడిటర్లు ఇంటికి పోయిండ్రు. పాఠకుల నుంచి ఒక్క ఊరేగింపు లేదు, ఒక్క ఉత్తరం లేదు. 1993ల వీక్లీ పోయినప్పుడు కనీసం నాలుగు సంతాప వ్యాసాలొచ్చినయి.

నేను ఇక్కడికి వచ్చింది సంతాపం చెప్పనీకి కాదు, ఒక పని అడగనీకి. 2001 నుంచి 2014 దాక మన ఉద్యమం ఊరూరా ఎట్ల నడిచిందనేది మెయిన్ పేజీలల్ల దొరకదు. మెయిన్ పేజీలల్ల నాయకులున్నరు, ఢిల్లీ ఉన్నది. వంటావార్పులు, సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం లేకుండ ఉన్న ఉద్యోగులు, రోడ్డు మీద బోనాలు, బతుకమ్మలు, ఊరి కళాకారుని పేరు, ఇవన్నీ ఉన్నది మినీలల్ల. అవి ఆ జిల్లా దాటి పోలే. ఇప్పుడు ఏ లైబ్రరీల కూడ వాటిని వరుసగ చూపిస్తరన్న నమ్మకం నాకు లేదు. లైబ్రరీలు మెయిన్ పేపరు బైండు చేస్తయి, మినీని తీసి పక్కన పడేస్తయి. ఇలస్ట్రేటెడ్ వీక్లీ సంపుటాలు తోలు అట్టలతో బీరువాల్ల ఉన్నయి, ఇవాళ అడిగినా దొరుకుతయి. నిన్నగాక మొన్నటి మన నల్లగొండ మినీ దొరకదు.

మీల పరిశోధన చేసే పిల్లలున్నరు. ఉద్యోగ సంఘాలల్ల సమ్మె కాలపు కటింగులు ట్రంకు పెట్టెల్ల దాచుకున్నోళ్లున్నరు, నాకు తెలుసు. కంట్రిబ్యూటర్లుగ చేసినోళ్ల ఇండ్లల్ల తమ పేరు వచ్చిన పేపర్లు ఇంకా ఉంటయి. జిల్లాకు ఇద్దరు చొప్పున తిరగండి. కబాడీవోళ్ల దగ్గర కూడ అడగండి. కటింగు దొరికితే తేదీ, ఎడిషన్ పేరు ఎనక రాసిపెట్టండి. పేజీ మొత్తం దొరికితే పై అంచు కత్తిరించొద్దు, తేదీ ఉండేది ఆడనే. సెల్‌ఫోన్‌తోని ఫొటో తీసేటప్పుడు పేజీని కిటికీ దగ్గర పరిచి తీయండి, మడత పడ్డ చోట ఇంకోసారి తీయండి. ఆదివారం పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు, అవి నున్నటి కాగితం, రంగులు, ఎవరో ఒకరు దాచుకునే ఉంటరు. ముందు మినీలు.

జై తెలంగాణ.